ఇడిస్తే ఆగుతది

“బ్రేకు పడలే. గంతే.”

బీరయ్య ఈ మాట గుట్ట మీద అన్నాడు. ఆస్పత్రిలో కాలికి పిండికట్టు వేస్తున్న డాక్టరుతో అన్నాడు. చూసిపోదామని వచ్చిన ధూల్‌పేట గల్లీ జనం అందరితో అన్నాడు. ఇప్పుడు శనివారం మధ్యాహ్నం, ఎవరూ అడక్కుండానే, వరండాలో మంచం మీద కూర్చుని గోడకు చెబుతున్నాడు.

గోడకు అవతలి గదిలో ఆయన కోడలు గీతాంజలి బ్యాగులో బట్టలు సర్దుతోంది. సర్దుతోంది అనడం మర్యాదకే. కుక్కుతోంది. సాయంత్రం ఆరింటికి ఇమ్లీబన్ బస్టాండులో షాద్‌నగర్ బస్సు ఉంది. షాద్‌నగర్‌లో ఆమె తల్లిగారిల్లు ఉంది. అక్కడికి వెళ్ళి ఎన్నాళ్ళుంటుందో ఆమె ఎవరికీ చెప్పలేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

గడప మీద తొమ్మిదేళ్ళ వర్షిత కూర్చుంది. పెదవికి దిగువన, గదవ కింద నాలుగు కుట్లు, వాటి మీద తెల్లటి పట్టీ. కుట్లు పచ్చిగా ఉన్నాయి, పిల్లను మాట్లాడించకండి అని డాక్టరు చెప్పాడు. అందుకని ఎవరూ మాట్లాడించలేదు. ఆరు రోజులుగా ఆ పిల్ల ఏమనుకుంటోందో కూడా ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ళకు వాళ్ళ లొల్లి వాళ్ళకే సరిపోయింది.

ఇక ఆ పిల్ల తండ్రి సాయికుమార్. ఆయన కొట్టంలో ఉన్నాడు. అప్పటికి మూడోసారి బర్రెలకు గడ్డి వేస్తున్నాడు. ఉన్నవి నాలుగు బర్రెలు. అవి కూడా తినడం మానేసి ఆయన వంక చూస్తున్నాయి.

పొద్దున గుట్ట మీది నుంచి ప్రేమ్‌రాజ్ ఫోన్ చేశాడు. గుట్ట మీద సాయికుమార్ పనిచేసే అడ్వెంచర్ పార్కులోనే ప్రేమ్‌రాజ్ కూడా పనిచేస్తాడు. ఆదివారం నాటి బండిని ఇసుక బస్తాలు పెట్టి నాలుగుసార్లు దింపి చూశారట. నాలుగుసార్లూ బ్రేకు మంచిగానే పడిందట. అందుకే సేఫ్టీ చూసే శ్రీహరిరావు సార్ నాలుగింటికి ఇంటికే వస్తున్నారట.

“ఒక్క ముచ్చటే అడుగుతడన్నా,” అన్నాడు ప్రేమ్‌రాజ్. “ఎక్కేముందు నువ్వు మీ బాపుకు జెప్పినవా లేదా అని. జెప్పిండు అని పెద్దాయన అన్నడనుకో, సోమవారం నువ్వు మళ్ళ గుట్ట మీద ఉంటవు. జెప్పలే అన్నడో, ఇగ నిన్ను రానియ్యరు.”

చెప్పాల్సిన మాట ఏమంత పెద్దది కాదు. గుట్ట పైనుంచి కిందిదాకా పట్టాలుంటాయి. పట్టాల మీద ఇద్దరు కూర్చునే చిన్న బండి. ఎగిరినట్టు దిగాలని ఆశ ఉండి, పడిపోతామేమోనన్న భయమూ ఉన్నవాళ్ళ కోసం చేసిన బండి అది. పిల్లల్నీ ముసలివాళ్ళనీ వెంటబెట్టుకుని వచ్చే కుటుంబాలన్నీ దానికే లైన్ కడతాయి. కూర్చున్నవాళ్ళకు రెండు పక్కలా రెండు పిడులు. పిడులు నొక్కి పట్టుకుంటే బండి దిగుతుంది. భయమేసి వదిలేస్తే దానంతటదే ఆగిపోతుంది.

“ఒత్తితే పోతది, ఇడిస్తే ఆగుతది. భయమైతే ఇడువుండ్రి.”

నాలుగేళ్ళుగా సాయికుమార్ రోజుకు నలభై సార్లు చెప్పే మాట ఇదే. నిద్రలో కూడా ఇదే కలవరిస్తాడని గీతాంజలి గల్లీ ఆడవాళ్ళకు చెప్పి నవ్వేది. వర్షితకైతే కంఠతా వచ్చు. తండ్రితో కలిసి ఆ బండి పది పన్నెండుసార్లు ఎక్కిన పిల్ల మరి.

పోయిన ఆదివారం బీరయ్య మొదటిసారి ఎక్కాడు. మనవరాలిని ముందు కూర్చోబెట్టుకుని, పంచె ఎగ్గట్టి, రెండు పిడులూ పట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. ముందు బండి వాళ్ళకు సాయికుమార్ ఆ మాట చెప్పాడు. వెనక బండి వాళ్ళకూ చెప్పాడు. మధ్యలో తండ్రి దగ్గరికి వచ్చేసరికి ఆయనకు నోరు రాలేదు. నలభై ఏళ్ళుగా మోపెడ్ మీద పాలక్యాన్లు వేసుకుని ఊరంతా తిరిగిన మనిషికి, తన నడుముకు బెల్టు కట్టి పట్టుకుని సైకిల్ నేర్పిన మనిషికి, బండి ఎట్లా పట్టుకోవాలో తాను చెప్పడమా. “నీకెర్కే గద బాపూ,” అని సీటు బెల్టు బిగించి, రిజిస్టర్లో చెప్పినట్టు టిక్కు పెట్టి, విజిల్ ఊదాడు.

రెండో మలుపు దగ్గర బండి ఆగలేదు. బీరయ్య కాలు కింద పెట్టాడు. కాలు పట్టా సందులో పడింది. పిల్ల గదవ ముందున్న కడ్డీకి కొట్టుకుంది.

ఇది ఆరు రోజుల కిందటి సంగతి.

*

రుక్మాబాయి పాల గిన్నెలు తోమడం ఆపి కోడలి గది గుమ్మంలోకి వచ్చింది. సార్ వచ్చిపోయేదాకా ఆగమని బతిమాలింది. కాలు విరిగిన మనిషి ఇంట్లో ఉండగా కోడలు బ్యాగు పట్టుకుని గల్లీలోంచి నడిచిపోతే జనం ఏమనుకుంటారని అడిగింది. జనం సంగతి గీతాంజలికి అక్కర్లేకపోయింది.

“ఆరు దినాల సంది ఒక్కటే అడుగుతున్న అత్తమ్మా. పొద్దుగాల బండ్లు చూసినవా లేదా అని. చూసిన అంటడు. మరి ఎందుకు ఆగలే అంటే బర్రెలకు గడ్డేస్తందుకు పోతడు.”

ఆ మాట కొట్టందాకా వినపడాలనే గట్టిగా అన్నది. వినపడింది. సాయికుమార్ వచ్చి వరండాలో నిలబడ్డాడు. చేతుల నిండా గడ్డి.

గీతాంజలి ఆయనతో మాట్లాడలేదు. గడప మీది పిల్లతో మాట్లాడింది. మీ డాడీని అడుగు, మంచి బండి ఎందుకు ఆగలేదో ఇప్పుడన్నా చెబుతాడేమో అడుగు అంది. వర్షిత తల ఎత్తి తండ్రిని చూసింది. తర్వాత తాతను చూసింది. మళ్ళీ తల దించుకుంది.

సాయికుమార్‌కు జవాబు తెలుసు. ఆరు రోజులూ తెలియదు గాని ఆ పొద్దునే తెలిసింది.

తండ్రి మంచాన పడ్డాక పాలు పోయడం ఆయన వంతయింది. ఆ పొద్దున బేగంబజార్‌లో మిఠాయి దుకాణానికి పాలు పోసి తిరిగి వస్తుంటే, పక్క సందులోంచి స్టీలు గిన్నెల బస్తాలతో ఒక తోపుడుబండి ఒక్కసారిగా అడ్డం వచ్చింది. సాయికుమార్ ఏమీ అనుకోలేదు. అనుకునే టైము కూడా లేదు. రెండు చేతులూ వాటంతట అవే ముడుచుకుని మోపెడ్ బ్రేకులు పట్టుకున్నాయి. కుడికాలు దానంతట అదే రోడ్డు మీదికి దిగి ఈడ్చుకుపోయింది. బండి ఆగింది. “అరే భాయ్, దేఖ్‌కే చలో,” చూసుకుని పొమ్మని హమాలీ తిట్టిపోయాడు. సాయికుమార్ మాత్రం నడిబజార్లో అట్లాగే నిలబడి తన చేతుల వంక చూసుకున్నాడు.

భయమేస్తే చెయ్యి బిగుసుకుంటుంది. మోపెడ్ నడిపే మనిషికి చెయ్యి బిగిస్తే బండి ఆగుతుంది. గుట్ట మీది బండి చెయ్యి బిగిస్తే ఉరుకుతుంది. బాపు భయపడ్డాడు, పిడులు బిగించాడు. ఉరికేకొద్దీ ఇంకా బిగించాడు. చివరికి కాలు దింపాడు. నలభై ఏళ్ళు అలవాటైన పనే చేశాడు. బ్రేకు పట్టానని ఆయన అంటున్నది అబద్ధం కాదు.

ఈ మాట భార్యకు చెప్పాలంటే నడుమ ఉన్నది సన్నటి గోడ. గోడకు ఇవతల ఆయన తండ్రి. పిల్ల గదవ నీ చేతుల వల్లే పగిలింది అని ఆ మనిషికి ఎట్లా వినిపిస్తాడు? గీతాంజలి కాసేపు చూసి, బ్యాగు జిప్పు లాగింది.

*

సాయికుమార్ చేతులు కడుక్కుని వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. పిండికట్టు మీద వర్షిత పెన్నుతో ఏదో బొమ్మ వేసింది. బర్రె కావచ్చు, బండి కావచ్చు.

“బాపూ. సార్ నాలుగింటికి వస్తడు.”

“రానియ్‌రా. బ్రేకు పడలే అని మొకం మీద జెప్త. బండి వాళ్ళది, బ్రేకు వాళ్ళది. నీ మీదికి ఏం రానియ్య. నువ్వేం ఫికర్ జేయకు.”

అదీ సంగతి. ఆరు రోజులుగా బీరయ్య ఎందుకంత మొండిగా ఉన్నాడో సాయికుమార్‌కు అప్పుడర్థమైంది. తండ్రి తనను కాపాడుతున్నాననుకుంటున్నాడు.

“బ్రేకు మంచిగనే ఉన్నదంట బాపూ. వాళ్ళు చూసిండ్రంట.”

“అయితే నేను అబద్ధమాడుతున్ననా?”

సాయికుమార్ తండ్రి చేతులు చూశాడు. రెండు బొటనవేళ్ళ పక్కనా మోపెడ్ పిడుల కాయలు నల్లగా గట్టిపడి ఉన్నాయి. చెప్పిండు అను బాపూ, ఆ ఒక్క మాట అను, నా నౌకరి ఉంటది అని అడగాలి. అబద్ధమే. అయినా అడగాలి. ఆ ఆదివారం చెప్పడానికి రాని నోరు ఈ శనివారం అడగడానికీ రాలేదు.

“అది గాదు బాపూ,” అని లేచిపోయాడు. బర్రెలకు నాలుగోసారి గడ్డి పడింది.

*

శ్రీహరిరావు నాలుగున్నరకు వచ్చాడు. ఏలూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్న మనిషి. యాభై దాటాయి, నిదానం. గల్లీలోకి కారు రాలేదు. వినాయక చవితి పది రోజుల్లోకి వచ్చింది కదా, గల్లీ పొడుగునా విగ్రహాలే. కొన్నింటికి రంగు పడింది, కొన్నింటికి కళ్ళు దిద్దాలి. కారు పురానాపూల్ వైపు మలుపులో ఆపి, విగ్రహాల మధ్య ఒదిగి నడిచి, చెమటలు కక్కుతూ వచ్చాడు.

రుక్మాబాయి టీ ఇచ్చింది. ఆయన టీ మెచ్చుకున్నాడు, పాలు చిక్కగా ఉన్నాయన్నాడు. బీరయ్య కాలు గురించి అడిగాడు. గడప మీది పిల్లను నొప్పి తగ్గిందా అమ్మా అని పలకరించాడు. గీతాంజలి వచ్చి పిల్ల భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆయన నొచ్చుకోలేదు. అటువంటివి ఆయనకు అలవాటే అనిపించింది.

కాగితం తీశాడు. బీరయ్య గొంతు సవరించుకుని బ్రేకు సంగతి మొదలుపెట్టాడు. శ్రీహరిరావు చివరిదాకా విన్నాడు.

“బీరయ్యగారూ, నేను పోలీసును కాదండీ. మీ నుంచి నాకు కావాల్సింది ఒక్కటే. ఎక్కేముందు పిడి ఎట్లా పట్టుకోవాలో, ఎప్పుడు వదిలేయాలో సాయికుమార్ మీకు చెప్పాడా?” ఆగి, కొంచెం నవ్వి, తనే అందించాడు. “చెప్పే ఉంటాడు లెండి. మా గుట్ట మీద అందరికంటే ఓపిగ్గా చెప్పేది ఇతనే.”

ఊ అంటే చాలు. తల ఊపినా చాలు. కొట్టం గుంజకు ఆనుకుని నిలబడ్డ సాయికుమార్ ఊపిరి బిగబట్టాడు. టీ పళ్ళెం పట్టుకున్న రుక్మాబాయి మొగుడి మొహమే చూస్తోంది.

బీరయ్య నవ్వాడు. ఆరు రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

“నాకు జెప్పుడేంది సార్?”

“అంటే...”

“వాడు నా కొడుకు సార్. ముప్పై నాలుగేండ్లు వచ్చినయి. ఇయ్యాలటిదాంక నా ముంగట నోరు లేపలే. కుర్చీల గూసోడు. గసొంటోడు నాకు బండి నడుపుడు నేర్పుతడా? మా ఇంట్ల గట్ల పెంచలే సార్.”

అనేసి కొడుకు వంక చూశాడు. ఎంత గర్వంగా చూశాడంటే, ఆ చూపు కోసం సాయికుమార్ చిన్నప్పటి నుంచి ఎదురుచూశాడని చెప్పినా తప్పు లేదు. ఇన్నేళ్ళకు, ఇట్లాంటి పూట దొరికింది.

శ్రీహరిరావు పెన్ను కదలలేదు. “చెప్పలేదంటారా?”

“జెప్పలే. జెప్పడు గూడ.”

“ఏమయ్యా,” అంది రుక్మాబాయి. ఆమెకు చదువు రాదు గాని గాలి ఎటు మళ్ళిందో తెలిసింది. “జర ఆలోచన జేసి జెప్పు.”

“ఇందుల ఆలోచన జేసేదేమున్నది?” అన్నాడు బీరయ్య.

శ్రీహరిరావు సాయికుమార్ వైపు తిరిగాడు. రిజిస్టర్లో టిక్కు పెట్టావు కదయ్యా అని అడిగాడు. పెట్టానన్నాడు సాయికుమార్. చెప్పకుండానే పెట్టావా అని అడిగాడు.

“అవు సార్. జెప్పలే.”

పోనీ మర్చిపోయావా, జనం ఎక్కువున్నారా అని ఆ పెద్దమనిషి ఇంకో దారి కూడా చూపించాడు. సాయికుమార్ తల అడ్డంగా ఊపాడు. మర్చిపోలేదన్నాడు. ఎందుకు చెప్పలేదో మాత్రం అనలేదు. అది కాగితం మీద రాసుకునే కారణం కాదు.

శ్రీహరిరావు నాలుగు వాక్యాలు రాశాడు. చదివి వినిపించాడు. బీరయ్య కూడబలుక్కుని సంతకం పెట్టాడు, సాయికుమార్ నిలబడే పెట్టాడు. తర్వాత శ్రీహరిరావు కాస్త ఇబ్బందిగా, ఐడీ కార్డు, విజిల్ ఇచ్చెయ్యాలని చెప్పాడు. గోడ మేకుకు వేలాడుతున్న కార్డూ విజిలూ తీసి సాయికుమార్ ఆయన చేతిలో పెట్టాడు. నాలుగేళ్ళు మెడలో ఉన్న తాడు, మెడ దగ్గర చెమటకు నల్లబడి ఉంది.

“ఏంది సార్, గవి ఎందుకు తీసుకుంటున్నరు?” అన్నాడు బీరయ్య. “తప్పు బ్రేకుది గదా.”

“బ్రేకు బాగానే ఉందండీ. వదిలేస్తే ఆగిపోయే బండి అది. వదలమని చెప్పకపోవడం ఇతని తప్పు. రూల్ ప్రకారం ఇంక నేను చెయ్యగలిగింది లేదు.” ఆయన చెప్పులు వేసుకుంటూ ఒక్క క్షణం ఆగాడు. “మంచి కుర్రాడండీ,” అని వెళ్ళిపోయాడు.

*

బీరయ్యకు ఇంకా ఎక్కలేదు. ఇడిస్తే ఆగుడేందని పెళ్ళాన్ని అడిగాడు. ఇడిస్తే బండి ఉరుకుతది గాని ఆగుతదా అన్నాడు.

జవాబు గుమ్మంలోంచి వచ్చింది. గీతాంజలి బ్యాగు భుజాన వేసుకుని నిలబడింది.

“ఆగుతది మామా. ఒత్తితే పోతది, ఇడిస్తే ఆగుతది. నిద్రల గూడ గదే అంటుండె మీ కొడుకు. ఊరోళ్ళందరికి జెప్పిండు. నా పిల్ల ఉన్న బండికే జెప్పలే.”

అప్పుడు మొగుడి వైపు తిరిగింది. ఆ రోజు నేరుగా ఆయనతో అన్న మొదటి మాట ఇది.

“బండి పాడైందనుకున్న. దినాం వందమందిని ఎక్కించేటోడు, ఒక బండి చూడకపోయిండేమో అనుకున్న. ఒక్క మాట. గా ఒక్క మాట నీ నోట్లెకెళ్ళి రాలేదా?”

సాయికుమార్ నోరు తెరిచాడు. తండ్రి మంచం మీద నుంచి తన్నే చూస్తున్నాడు. మళ్ళీ నోరు మూశాడు.

గీతాంజలికి ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. తాతకు చెప్పిరా అని పిల్లను ముందుకు తోసి, తాను వీధిలోకి దిగింది. మంగళ్‌హాట్ వైపు ఆటో నిలబడి ఉంది.

వర్షిత మంచం దగ్గరికి వచ్చింది. బీరయ్య ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. పోకు బిడ్డా, నాలుగు దినాల్లో నాకు కట్టు ఇప్పుతరు, నేనే వచ్చి దింపుత అన్నాడు. పిల్ల కదిలేకొద్దీ మణికట్టు బిగించి పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడో ఆయనకు తెలియలేదు.

“ఇడువు తాతా,” అంది వర్షిత.

కుట్ల మూలాన పెదవులు సరిగా కదల్లేదు. మాట మాత్రం అదే. గొంతూ అదే.

బీరయ్యకు గుట్ట గాలి చెవుల్లో మళ్ళీ హోరెత్తింది. రెండో మలుపు ముందు కూడా ఈ పిల్ల ఇట్లాగే అరిచింది. ఇడువు తాతా, ఇడువు తాతా అని. తనను వదలమంటోంది, భయపడి దూకేస్తుందేమో అనుకున్నాడు. అందుకే రెండు చేతుల మధ్యా పిల్లను ఇంకా అదిమిపట్టి, పిడులు ఇంకా గట్టిగా నొక్కాడు.

“బిడ్డా, గుట్ట మీద గూడ గిదే అన్నవు గదా?”

పిల్ల తల ఊపింది.

“నిన్ను ఇడువమన్నవనుకున్న.”

వర్షిత తల అడ్డంగా ఊపింది. “పిడి తాతా,” అంది.

బీరయ్య చెయ్యి వదిలేశాడు. మణికట్టు మీద ఆయన వేళ్ళ గుర్తులు ఎర్రగా తేలాయి. పిల్ల ఆ చేతిని రెండో చేత్తో రుద్దుకుంటూ గడప దిగి తల్లి వెనక వెళ్ళిపోయింది.

కొట్టంలో బర్రె తోకతో ఈగలు తోలుకునే చప్పుడు వినపడుతోంది.

“నాకు జెప్పిండ్రు,” అన్నాడు బీరయ్య. “బిడ్డ జెప్పింది. నేనే ఇడువలే. నేనే ఒత్తిన.”

“నాకెర్కే బాపూ.”

“ఎప్పటి సంది?”

“పొద్దుగాలటి సంది.”

“ఎర్కయ్యి ఎందుకు ఊకున్నవురా? సార్ ఉండంగ జెప్పరాదా? నీ పెండ్లాం ఉండంగ జెప్పరాదా?”

సాయికుమార్ విజిల్ లేని మేకు వంక చూస్తూ అన్నాడు. “నీకు జెప్పుడు నాతోని గాదు బాపూ.”

బీరయ్య మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆ చేతులే కనపడగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

రుక్మాబాయి టీ పళ్ళెం కింద పెట్టింది. గడప దిగి గల్లీలో నిలబడి అటూ ఇటూ చూసింది. కుడివైపు ట్రాలీ మీద పెద్ద విగ్రహం ఒకటి గల్లీకి అడ్డంగా ఇరుక్కుపోయింది. కరెంటు తీగను కర్రతో పైకెత్తుతూ పదిమంది తోస్తున్నారు. దాని వెనక సందు కోసం చూస్తూ శ్రీహరిరావు తెల్లచొక్కా. ఎడమవైపు ఆటో డ్రైవరు బ్యాగు లోపల పెడుతున్నాడు.

“ఆయన ఇంక పోలే,” అంది లోపలికి. “నేను పిల్ల దిక్కు పోత. సార్ సంగతి మీరు జూసుకోండ్రి.” చెప్పులు కూడా వేసుకోకుండా ఎడమవైపు ఉరికింది.

సాయికుమార్ కదలలేదు. పోరా, ఆయనను పిలువు అన్నాడు బీరయ్య. సాయికుమార్ కదలలేదు. తండ్రి తప్పు చెప్పడానికి తాను పోనన్నాడు. పోయిన నౌకరి పోనియ్ అన్నాడు.

“అయితే నేనే పోత.”

బీరయ్య మంచం పట్టె పట్టుకుని ఒంటికాలి మీద లేచాడు. రెండు గంతులు వేసి వరండా కింద ఉన్న మోపెడ్ మీద వాలాడు. దాని మీద బరువు వేసి నడుద్దామని ఆయన ఆలోచన. స్టాండు తీశాడు. తోశాడు. కదలలేదు. మళ్ళీ తోశాడు. పడిపోతానన్న భయానికి రెండు చేతులూ బ్రేకులను పిడికిలి తెల్లబడేలా బిగించి ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు తెలియడం లేదు. కట్టు వేసిన కాలు నేలకు తగిలి మూలిగాడు. మళ్ళీ తోశాడు.

గల్లీ చివర జనం అరిచారు. ట్రాలీ ఒక అంగుళం కదిలింది.

సాయికుమార్ వెనక నుంచి వచ్చి తండ్రి నడుము చుట్టూ చెయ్యి వేశాడు. పట్టుకున్నాడే గాని, ఏం చెయ్యాలో చెప్పడానికి నోరు రాలేదు. ఊరివాళ్ళకు వేల సార్లు చెప్పిన మాటే.

“బాపూ,” అన్నాడు. “ఇడువు.”

బీరయ్య వినలేదో, విని అర్థం కాలేదో. ఇంకా బిగించాడు.

“బ్రేకు ఇడువు బాపూ. భయం లేదు, నేను పట్టుకున్న. ఇడిస్తెనే పోతది.”

ముప్పై నాలుగేళ్ళలో ఇట్లా చెయ్యమని కొడుకు తనకు చెప్పిన మొదటి మాటకు బీరయ్య వెనక్కి తిరిగి చూశాడు. కోప్పడతాడేమో అనుకున్నాడు సాయికుమార్. ఆయన కళ్ళ నిండా నీళ్ళున్నాయి. ఒక్కొక్క వేలే లేచింది. మోపెడ్ కదిలి, గడప ముందున్న వాలులో గల్లీలోకి దొర్లింది.

అప్పటికే విగ్రహం పక్కకు ఒదిగింది. తెల్లచొక్కా కనపడడం లేదు. మలుపు అవతల కారు స్టార్టయిన చప్పుడు వినపడింది.